రెండు తీగలు, ఒకే దారి: లింక్ అగ్రిగేషన్ కథ



ఈ పాఠాన్ని ఒక చిక్కుప్రశ్నతో మొదలుపెడదాం. కొన్నేళ్ల క్రితం ఒక కళాశాలలో ఉపన్యాసానికి వెళ్లాను. ఊరి పేరూ, కళాశాల పేరూ మనకు అవసరం లేదు. ఆ రోజు ఉపకారవేతనాల దరఖాస్తులకు ఆఖరి రోజు. కంప్యూటర్ ల్యాబు నిండా పిల్లలే. దరఖాస్తుకు కావలసిన మార్కుల వివరాలు ఎదుటి భవనంలోని సర్వరులో ఉన్నాయి. ల్యాబులో దాదాపు సగం కంప్యూటర్లకు ఆ సర్వరు అందుతోంది. మిగిలిన సగానికి అందడం లేదు.

విచిత్రమేమిటంటే, అందేవాటికి ఎప్పుడూ అందుతోంది, అందనివాటికి ఎంతసేపు ప్రయత్నించినా అందదు. అందని కంప్యూటరును మోసుకువెళ్లి బాగా పనిచేస్తున్న దాని బల్లమీద పెట్టి, అదే తీగ తగిలించి చూశారు. ఫలితం లేదు. ఒకదానిలో నెట్‌వర్క్ కార్డు మార్చారు, వెంటనే పనిచేసింది! "కార్డులే పాడయ్యాయి" అని తేల్చి, పరుగున వెళ్లి మరికొన్ని కార్డులు కొనుక్కొచ్చారు. వాటిలో కొన్ని పనిచేశాయి, కొన్ని చెయ్యలేదు. అన్నీ కొత్తవే, ఒకే పెట్టెలోంచి తీసినవే. ల్యాబు సహాయకుడిని తిట్టనివారు లేరు. పాపం, అతను వారం క్రితం చేసిన ఒక మంచి పనే ఇంత గొడవకూ మూలమని అతనికీ తెలియదు.

ఈ చిక్కు విడిపోవాలంటే చరిత్రలోకి కొంత దూరం వెళ్లాలి. తొందరపడకండి, మళ్లీ ఆ ల్యాబుకే వస్తాం.

ఒకే మైకు, పదిమంది వక్తలు

1973 మే 22న అమెరికాలో, జిరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్ అనే యువ ఇంజనీరు తన సహచరుల కోసం ఒక మెమో రాశాడు. కేంద్రంలోని కంప్యూటర్లన్నిటినీ ఒకే తీగకు తగిలించి మాట్లాడించే పద్ధతి అందులో ఉంది. దానికి ఆయన పెట్టిన పేరు ఈథర్నెట్. కాంతి ప్రయాణించడానికి విశ్వమంతా నిండి ఉంటుందని 19వ శతాబ్దపు భౌతిక శాస్త్రజ్ఞులు ఊహించిన 'ఈథర్' మీకు గుర్తుండే ఉంటుంది. లేదని తేలిపోయిన ఆ పదార్థం పేరు ఇలా బతికి బట్టకట్టింది. ఆలోచనకు మాత్రం హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం 1971లో దీవుల మధ్య రేడియో ద్వారా నడిపిన అలోహా వ్యవస్థ ప్రేరణ. డేవిడ్ బాగ్స్ అనే సహచరుడితో కలిసి మెట్‌కాఫ్ నిర్మించిన తొలి ఈథర్నెట్ వేగం సెకనుకు 2.94 మెగాబిట్లు. 1980లో డిజిటల్, ఇంటెల్, జిరాక్స్ సంస్థలు కలిసి దాన్ని 10 మెగాబిట్లకు పెంచి ప్రకటించాయి. 1983లో ఐఈఈఈ సంస్థ దాన్ని 802.3 అనే ప్రమాణంగా ఆమోదించింది. ఈ కృషికి గాను మెట్‌కాఫ్‌కు 2022 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు దక్కింది.

ఈ పద్ధతి ఎలా ఉంటుందంటే, పెళ్లి పందిట్లో ఒకే మైకు ఉండి పదిమంది మాట్లాడాలనుకున్నట్టు. ఎవరూ మాట్లాడనప్పుడు మీరు మొదలుపెట్టాలి. ఇద్దరు ఒక్కసారే మొదలుపెడితే ఇద్దరూ ఆగిపోయి, తోచినంతసేపు వేచి ఉండి, మళ్లీ ప్రయత్నించాలి. 10 మెగాబిట్ల వేగమన్నది ఒక్కొక్కరికీ కాదు, అందరికీ కలిపి. కంప్యూటర్లు పెరిగిన కొద్దీ వాటా తగ్గిపోతుంది. అందువల్ల పెద్ద తీగను ముక్కలుగా చేసి, ముక్కకీ ముక్కకీ మధ్య 'బ్రిడ్జి' అనే పెట్టెను ఉంచారు. ఏ కంప్యూటరు చిరునామా ఏ వైపు ఉందో బ్రిడ్జి తనంత తానే నేర్చుకుని, అవసరమైన ఫ్రేములనే అవతలికి పంపుతుంది. ఫ్రేము అంటే ఈథర్నెట్‌లో ఒక విడత సమాచారం. అందులో అతి చిన్నది 64 బైట్లు, మామూలుగా అతి పెద్దది 1518 బైట్లు. ఈ రెండు అంకెలు గుర్తుంచుకోండి, తరువాత పని ఉంది.

రెండో తీగ తెచ్చిన ముప్పు

ఇప్పుడు మీలో ఎవరికైనా తోచే ప్రశ్న: రెండు పెట్టెల మధ్య ఒక తీగ చాలకపోతే రెండోది తగిలిస్తే సరిపోదా? ఒకటి తెగినా ఇంకొకటి ఉంటుంది కదా?

తగిలిస్తే ఏమవుతుందో చూడండి. ఒక కంప్యూటరు "ఫలానా చిరునామా ఎవరిది?" అని అందరినీ ఉద్దేశించి కేక వేస్తుంది. బ్రిడ్జి ఆ కేకను తనకున్న అన్ని దారుల్లోకీ పంపాలి. ఒకటో తీగ మీద వెళ్లిన కేకను అవతలి పెట్టె రెండో తీగ మీద వెనక్కి పంపుతుంది. రెండో తీగ మీద వెళ్లినది ఒకటో తీగ మీద తిరిగొస్తుంది. ఇంటర్నెట్ ప్యాకెట్టుకు ఆయుర్దాయం అనే అంకె ఉంటుంది, ఒక్కో రూటరు దాటినప్పుడల్లా అది ఒకటి తగ్గి, సున్నా అయితే ప్యాకెట్టు చచ్చిపోతుంది. ఈథర్నెట్ ఫ్రేముకు అటువంటి ఆయుర్దాయం రాసిపెట్టలేదు. తీగ పీకేవరకు తిరుగుతూనే ఉంటుంది. కొద్ది క్షణాల్లో ఆ కేకలే తీగనంతా నింపేసి, అసలు సమాచారానికి చోటు లేకుండా చేస్తాయి. దీన్నే బ్రాడ్‌కాస్ట్ తుఫాను అంటారు.

దీనికి మందు కనిపెట్టినది డిజిటల్ సంస్థలో పనిచేస్తున్న రేడియా పెర్ల్‌మన్ అనే మహిళ, 1985లో. బ్రిడ్జీలు తమలో తాము చిన్న సందేశాలు పంపుకుని ఒకదాన్ని పెద్దగా ఎన్నుకుంటాయి. ఆ పెద్ద దగ్గరకు వెళ్లడానికి ఒక్కో దారినే ఉంచుకుని మిగిలిన దారుల్ని మూసేస్తాయి. అన్నీ కలిపి చూస్తే కొమ్మలే తప్ప చక్రాలు లేని చెట్టు ఏర్పడుతుంది. అందుకే దీని పేరు స్పానింగ్ ట్రీ. 1990లో ఇది 802.1డి ప్రమాణమైంది. ఏ దారైనా తెగితే మూసిన దారిని అవే తెరుస్తాయి. మీ కళాశాలలో రెండు స్విచ్చుల మధ్య రెండు తీగలుంటే, ఒక పోర్టు దీపం పచ్చగానూ ఇంకొకటి నారింజ రంగులోనూ వెలుగుతూ ఉండటం మీరు చూసి ఉండవచ్చు. ఆ నారింజ దీపం పెర్ల్‌మన్ చెట్టు కత్తిరించిన కొమ్మ.

ఇది ఉత్త పుస్తకాల ప్రమాదం కాదు. 2002 నవంబరులో బోస్టన్ నగరంలోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రి నెట్‌వర్క్ ఇటువంటి గొలుసులోనే చిక్కుకుంది. ఒకదాని వెనుక ఒకటిగా స్విచ్చులు తగిలించుకుంటూ పోవడంతో, స్పానింగ్ ట్రీ మోయగలిగిన హద్దును వారి నెట్‌వర్క్ ఎప్పుడో దాటిపోయింది. ఒక రోజు పెద్దయెత్తున సమాచారం ప్రవహించేసరికి చెట్టు కూలింది. వైద్యులు, నర్సులు కొన్ని రోజులపాటు మందుల చీటీలు, పరీక్షల ఫలితాలు కాగితాల మీద రాసి మనుషుల చేత పంపుకోవలసి వచ్చింది. ఆసుపత్రి సమాచార విభాగాధిపతి జాన్ హలమ్కా దాన్ని దాచిపెట్టకుండా తరువాత అందరికీ వివరంగా చెప్పాడు. ఎన్నో సంస్థలు దాన్ని చదివి తమ తీగలు లెక్క పెట్టుకున్నాయి.

సరే, తుఫాను ఆగింది. కానీ లెక్క చూడండి: రెండు తీగలకు డబ్బు పెట్టాం, పనిచేసేది ఒకటే.

కల్పన

1980ల చివర సిలికాన్ వ్యాలీలో ఒక చిన్న సంస్థ పుట్టింది. దాని పేరు వింటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది: కల్పన! స్థాపకుల్లో ఒకరు భారతీయ సంతతికి చెందిన వినోద్ భరద్వాజ్, మరొకరు లారీ బ్లెయర్. భరద్వాజ్ తన భార్య పేరునే సంస్థకు పెట్టాడు. ఆ పేరుకు అర్థం ఆ ఊళ్లో ఎందరికి తెలిసిందో గాని, సంస్థ చేసిన పని మాత్రం పేరుకు తగ్గదే.

అంతకుముందు బ్రిడ్జి ఒక ఫ్రేము మొత్తం లోపలికి తీసుకుని, ఆ తరువాతే బయటికి పంపేది. 1518 బైట్ల ఫ్రేము 10 మెగాబిట్ల తీగ మీద పూర్తిగా రావడానికే సుమారు 1.2 మిల్లీసెకన్లు పడుతుంది. చేరవలసిన చిరునామా మాత్రం ఫ్రేములో మొట్టమొదటి 6 బైట్లలోనే ఉంటుంది. ఉత్తరం మొత్తం చదివి కాదుగదా పోస్ట్‌మాన్ సంచిలో వేసుకునేది! చిరునామా కనబడగానే తలుపు తెరిచి, ఫ్రేము తల ఒక వైపు బయటికి వెళుతుండగానే తోక ఇంకో వైపు లోపలికి వస్తూ ఉండేలా కల్పన ఇంజనీర్లు ఒక పెట్టె చేశారు. 1990 ప్రాంతంలో వచ్చిన ఆ ఈథర్‌స్విచ్, ఈపీఎస్-700కు 7 పోర్టులు. ఒక్కో పోర్టుకూ పూర్తి 10 మెగాబిట్లు. బహుళ పోర్టుల ఈథర్నెట్ స్విచ్చుల్లో దీన్నే మొదటిదిగా చెబుతారు. నిన్నటివరకు ఒకే మైకు, ఇవాళ ఎవరి టెలిఫోను వారిది.

ఒక సమస్య తీరిన చోటే ఇంకొకటి మొలిచింది. ఆరు పోర్టుల్లోని కంప్యూటర్లూ ఏడో పోర్టు అవతల ఉన్న సర్వరుతోనే మాట్లాడాలనుకుంటే? ఆరు వీధుల జనం ఒకే సందులోకి వచ్చి పడినట్టవుతుంది. 100 మెగాబిట్ల ఈథర్నెట్ ప్రమాణం 1995 వరకు రాలేదు. ఎఫ్‌డీడీఐ అనే 100 మెగాబిట్ల పద్ధతి ఉన్నా ఖరీదు చాలా ఎక్కువ. అప్పుడు కల్పన వారికి తోచిన ఉపాయమే మన పాఠం: రెండు పెట్టెల మధ్య అనేక తీగలు వేసి, అవన్నీ కలిసి ఒకటే పోర్టని స్విచ్చుకు చెప్పడం. తర్కం దృష్టిలో దారి ఒకటే కాబట్టి స్పానింగ్ ట్రీ దేన్నీ కత్తిరించదు. దీనికి వారు పెట్టిన పేరు ఈథర్‌ఛానల్. 1994లో సిస్కో సంస్థ కల్పనను కొనేసింది. కల్పన అనే పేరు పెట్టెల మీద నుంచి చెరిగిపోయినా, ఈథర్‌ఛానల్ అనే మాట నేటికీ సిస్కో స్విచ్చుల్లో టైపు చేస్తూనే ఉన్నాం.

సరిగ్గా ఆ 1994లోనే, నాసా వారి గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డోనాల్డ్ బెకర్ అనే ఇద్దరు 16 మామూలు 486 కంప్యూటర్లను కలిపి ఒక చవక సూపర్ కంప్యూటరు చేశారు. దాని పేరు బేవుల్ఫ్. ప్రాసెసర్ల వేగానికి ఒక్క 10 మెగాబిట్ల తీగ చాలకపోయింది. బెకర్ లినక్స్ డ్రైవరును తిరగరాసి, ఫ్రేములను రెండు తీగల మీద ఒకటి అటు, ఒకటి ఇటు పంచాడు. పేకముక్కలు పంచినట్టు. ఆ పద్ధతి లినక్స్‌లో ఇప్పటికీ ఉంది. అయితే స్విచ్చులు ఆ పేకాట పద్ధతిని ఎందుకు వద్దనుకున్నాయి? ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చే భాగం ఇదే.

వరుస తప్పకూడదు

1518 బైట్ల ఫ్రేమును 100 మెగాబిట్ల తీగ మీద పంపడానికి 121 మైక్రోసెకన్లు పడుతుంది. 64 బైట్ల ఫ్రేముకు 5 చాలు. ముందు పెద్ద ఫ్రేమును ఒకటో తీగ మీద, వెంటనే చిన్నదాన్ని రెండో తీగ మీద పంపారనుకోండి. తరువాత బయలుదేరినదే ముందు చేరుతుంది. ఫ్రేముల మీద వరుస సంఖ్య లేదు కాబట్టి అవతలి స్విచ్చుకు ఏది ముందో ఏది వెనుకో తెలియదు. వచ్చినవి వచ్చినట్టే ముందుకు పంపేస్తుంది. చివరన ఉన్న కంప్యూటరులోని టీసీపీ, మధ్యలో ఏదో తప్పిపోయిందని భ్రమపడి మళ్లీ పంపమంటుంది. వేగం పెంచబోయి పని పెంచుకున్నట్టవుతుంది. వరుసనే నమ్ముకున్న కొన్ని పాత పద్ధతులకైతే మాటే తెగిపోతుంది.

టెలిఫోను లైన్ల మీద పనిచేసేవారు దీన్ని ఇంకోలా పరిష్కరించారు. ఐఎస్‌డీఎన్ లైనులో 64 కిలోబిట్ల ఛానళ్లు రెండుంటాయి. రెండిటినీ కలిపి 128గా వాడే మల్టీలింక్ పీపీపీ పద్ధతిలో ప్రతి ముక్క మీదా వరుస సంఖ్య రాస్తారు. అవతలివారు ముక్కల్ని దగ్గరపెట్టుకుని సరిచూసుకుంటారు. నెమ్మదైన లైను కాబట్టి అంత తీరిక ఉంది. సెకనుకు లక్షల ఫ్రేములు దాటించవలసిన స్విచ్చుకు ఆ తీరిక లేదు. పైగా ఫ్రేము రూపం మార్చకూడదు.

అందువల్ల వారొక నియమం పెట్టుకున్నారు: ఒక సంభాషణకు చెందిన ఫ్రేములన్నీ ఒకే తీగ మీద వెళ్లాలి. ఏ సంభాషణ ఏ తీగ మీద అన్నది ఎలా తేల్చాలి? మీ పరీక్షల్లో హాల్ టికెట్ చివరి అంకెను బట్టి గది కేటాయించారనుకోండి. ఎన్నిసార్లు వచ్చినా మీ గది మారదు, ఎవరినీ అడగనక్కరలేదు. స్విచ్చు చేసేదీ అంతే. పంపేవారి చిరునామా చివరి బిట్లను, అందుకునేవారి చిరునామా చివరి బిట్లను పక్కపక్కన పెట్టి, రెండూ ఒకటైతే 0, వేరైతే 1 అని రాసుకుంటుంది. దీన్ని ఎక్స్‌ఓఆర్ అంటారని డిజిటల్ పాఠాల్లో చదువుకున్నారు. కంప్యూటరు చిరునామా చివర 01, సర్వరు చిరునామా చివర 11 అయితే ఫలితం 10, అంటే రెండు. 0 నుంచి 3 వరకు సంఖ్యలున్న నాలుగు తీగల్లో రెండో సంఖ్య తీగ మీద ఆ ఇద్దరి మాటలన్నీ వెళతాయి. తీగలు రెండే అయితే ఒక్క చివరి బిట్టు చాలు. మెషీను చిరునామాలకు బదులు ఐపీ చిరునామాలు, పోర్టు సంఖ్యలు కలిపి లెక్కవేసే స్విచ్చులూ ఉన్నాయి. సూత్రం ఒకటే.

ఇక్కడే విద్యార్థులు, కొన్నిసార్లు ఇంజనీర్లు కూడా పొరబడతారు. 1 గిగాబిట్ తీగలు రెండు కలిపితే 2 గిగాబిట్లు అని పెట్టె మీద రాస్తారు. 4 గిగాబైట్ల సినిమాను సర్వరు నుంచి మీ ఒక్కరి కంప్యూటరుకు కాపీ చేసి చూడండి. 32 గిగాబిట్లు, 1 గిగాబిట్ తీగ, కనీసం 32 సెకన్లు. రెండో తీగ కలిపాక? అదే 32 సెకన్లు! మీది ఒక్క సంభాషణే, దానికి ఒక్క తీగే. మీతోపాటు మీ స్నేహితుడు కూడా ఇంకో కాపీ మొదలుపెడితే, అదృష్టం బాగుండి అతని లెక్క రెండో తీగకు పడితే, అప్పుడు ఇద్దరికీ చెరో గిగాబిట్. అదృష్టం బాగుండకపోతే ఇద్దరూ ఒకే తీగ మీద పడి, రెండోది ఖాళీగా ఉండవచ్చు. ఇంకొక విచిత్రం: సిస్కో వారి పాత స్విచ్చులు లెక్కను 8 గంపలుగా చేసి తీగలకు పంచేవి. మూడు తీగలుంటే 3, 3, 2గా పడతాయి. అందుకే తీగలు 2, 4, 8 ఉండేలా చూసుకోమనేవారు.

అందరికీ ఒకే భాష

1990ల నడిమికి ఈ ఉపాయం అందరికీ పాకింది. సిస్కో వారిది ఈథర్‌ఛానల్, నార్టెల్ వారిది మల్టీలింక్ ట్రంకింగ్, సన్ వారిది సన్ ట్రంకింగ్. (ట్రంకు అన్న మాట ఇక్కడ పెద్ద తలనొప్పి. సిస్కో వారి పుస్తకంలో ట్రంకు అంటే అనేక విలాన్లను మోసే దారి. హెచ్‌పీ వారి పాత స్విచ్చుల్లో ట్రంకు అంటే తీగల కట్ట. మన ఇళ్లలో ట్రంకు పెట్టె సంగతి సరే సరి.) ఒక సంస్థ పెట్టె ఇంకో సంస్థ పెట్టెతో కట్ట కట్టాలంటే నమ్మకం లేదు. కొనేవాడు ఒకసారి ఒకరి దగ్గర కొంటే ఇక ఎప్పుడూ వారి దగ్గరే కొనాలి.

1997 నవంబరులో ఐఈఈఈ 802.3 సంఘం దీనికి ఉమ్మడి ప్రమాణం కావాలని తీర్మానించింది. సుమారు రెండున్నరేళ్లకు, 2000 మార్చిలో 802.3ఏడీ ఆమోదం పొందింది. కట్టలోని తీగలన్నీ ఒకే వేగంతో ఉండాలి, రెండు వైపులా ఒకేసారి మాట్లాడగలిగే ఫుల్ డ్యూప్లెక్స్ తీగలై ఉండాలి. ఏ లెక్క ప్రకారం పంచుకోవాలన్నది మాత్రం ఎవరి ఇష్టం వారిదని వదిలేసింది, వరుస తప్పకపోతే చాలునంది. ఈ వదిలేయడం తెలివైన పని అని నా అభిప్రాయం. అటు నుంచి ఒక లెక్క, ఇటు నుంచి ఇంకో లెక్క వేసినా పని జరుగుతుంది కాబట్టి సంస్థలు కొట్టుకోలేదు.

ఆ ప్రమాణానికి ప్రాణం వంటిది ఎల్ఏసీపీ, అంటే లింక్ అగ్రిగేషన్ కంట్రోల్ ప్రోటోకాల్. స్విచ్చు ప్రతి తీగ మీదా పక్క స్విచ్చుకు చిన్న ఉత్తరం రాస్తుంది. "నేను ఫలానా స్విచ్చును, ఇది నా ఫలానా పోర్టు, ఈ పోర్టు ఫలానా కట్టలోది. నువ్వు ఫలానా అని నాకు తెలిసింది" అని. ఆ ఆఖరి వాక్యమే కీలకం. అవతలివారు నా గురించి ఏమనుకుంటున్నారో వారి ఉత్తరంలో చదువుకుని, నాకు తెలిసినదానితో సరిపోతేనే ఆ తీగను కట్టలో చేరుస్తాను. ఈ ఉత్తరాలు వెళ్లే చిరునామా 01-80-సి2-00-00-02. ఆ చిరునామాకు వచ్చినదాన్ని ఏ బ్రిడ్జీ ముందుకు పంపకూడదని నియమం. కాబట్టి మాట పక్కింటివరకే వెళుతుంది, ఊరంతా పాకదు.

ఉత్తరం వేగపు పద్ధతిలో సెకనుకు ఒకటి, నెమ్మది పద్ధతిలో 30 సెకన్లకు ఒకటి. వరుసగా మూడు రాకపోతే, అంటే 3 సెకన్లకో 90 సెకన్లకో, ఆ తీగ చచ్చినట్టే లెక్క. దీపం పచ్చగా వెలుగుతున్నా సరే.

స్విచ్చు ముందు కూర్చుంటే

ఇప్పుడు మీరే ఒక కట్ట కట్టవలసి వస్తే ఏం చేస్తారో చెబుతాను. ముందుగా రెండు చివరలా ఆ పోర్టుల్ని మూసెయ్యండి, లేదా రెండో తీగను పక్కన పెట్టండి. సగం కట్టిన కట్ట అన్నిటికన్నా చెడ్డది. పోర్టులన్నిటి వేగం, విలాన్ అమరిక ఒకటిగా ఉన్నాయో లేదో చూడండి. ఒక్కటి తేడా ఉన్నా స్విచ్చు దాన్ని బయటే నిలబెడుతుంది. సిస్కో తరహా స్విచ్చులో ఆ పోర్టుల్ని ఎంచుకుని "ఛానల్-గ్రూప్ 1 మోడ్ యాక్టివ్" అని రాస్తే, పోర్ట్-ఛానల్ 1 అనే కొత్త పోర్టు పుడుతుంది. అది చేత్తో పట్టుకోలేని పోర్టు. ఇక మీదట విలాన్ మార్పులన్నీ ఆ పోర్టుకే చెయ్యాలి, విడి తీగలకు కాదు. అవతలి చివర కూడా ఇదే. లినక్స్ సర్వరు అయితే బాండింగ్‌లో 4వ మోడ్.

మోడ్ దగ్గర మూడు మాటలుంటాయి. యాక్టివ్ అంటే తానే ముందు పలకరిస్తుంది. పాసివ్ అంటే పలకరిస్తే పలుకుతుంది. ఇరువైపులా పాసివ్ పెడితే, ఎదుటివారే ముందు మాట్లాడాలని బిగుసుకు కూర్చున్న బంధువుల్లా ఎప్పటికీ కలవవు. మూడోది 'ఆన్'. ఉత్తరాలూ పలకరింపులూ లేవు, కట్ట ఉందని కళ్లు మూసుకుని నమ్మడమే. ఒక వైపు ఆన్, ఇంకో వైపు విడి తీగలు అయితే, పంపిన ఫ్రేమే రెండో తీగ మీద తిరిగివచ్చి, ఏ చిరునామా ఏ వైపు ఉందన్న పట్టిక తారుమారవుతుంది. తేలికగా ఉందని చాలామంది ఆన్ పెడతారు.

మన ల్యాబు సహాయకుడు పెట్టినదీ అదే.

రెండు భవనాల మధ్య దూరం ఎక్కువ. అందువల్ల స్విచ్చు నుంచి రాగి తీగ మీడియా కన్వర్టర్ అనే చిన్న పెట్టెలోకి వెళుతుంది, అక్కడ నుంచి గాజు తీగ అవతలి భవనంలోని ఇంకో కన్వర్టరుకు, మళ్లీ రాగి తీగతో స్విచ్చుకు. వారం క్రితం అతను రెండో జత కూడా వేయించి, ఇరువైపులా 'ఆన్' పెట్టి కట్ట కట్టాడు. వేగం బాగుందని అందరూ మెచ్చుకున్నారట. ఆ ముందు రాత్రి మేడమీద గాజు తీగల్లో ఒకదాన్ని ఎలుకలు కొరికేశాయి. కానీ స్విచ్చుకూ కన్వర్టరుకూ మధ్య రాగి తీగ బాగానే ఉంది. రెండు దీపాలూ పచ్చగానే ఉన్నాయి. స్విచ్చు తన లెక్క ప్రకారం సగం సంభాషణల్ని మంచి తీగ మీదికి, సగాన్ని తెగిన తీగలోకి నమ్మకంగా పంపుతూనే ఉంది.

ఇప్పుడు ఆ చిక్కులన్నీ మీరే విప్పగలరు. కంప్యూటరు బల్ల మార్చినా దాని చిరునామా మారదు, కాబట్టి ఫలితం మారలేదు. కార్డు మారిస్తే చిరునామా మారింది, చివరి బిట్టు మంచి వైపుకు పడింది. కొత్త కార్డుల్లో కొన్నిటి చివరి బిట్టు 0, కొన్నిటిది 1. పనిచేసే కంప్యూటర్ల చిరునామాల చివరి అంకెలు పలక మీద రాసిచూస్తే అన్నీ సరిసంఖ్యలే. అది చూశాకే మాకు తీగల మీద అనుమానం వచ్చింది. తెగిన జతను రెండు చివరలా పీకేశాం. ఒక్క చివరే పీకితే చాలదు, అవతలి స్విచ్చు ఇంకా అందులోకే పంపుతూ ఉంటుంది. పది నిమిషాల్లో అన్ని కంప్యూటర్లూ సర్వరును అందుకున్నాయి. సాయంత్రం నాలుగున్నర అయింది, దరఖాస్తులకు ఐదుదాకా గడువు. కొందరు పిల్లలు మధ్యాహ్నమే విసిగి బస్సెక్కి వెళ్లిపోయారు. వారి సంగతి ఏమైందో నేను కనుక్కోలేదు, కనుక్కోవలసింది.

ఎల్ఏసీపీ పెట్టి ఉంటే, తీగ తెగిన 90 సెకన్లలోపే ఉత్తరాలు రావడం లేదని గ్రహించి స్విచ్చు దాన్ని కట్టలోంచి తప్పించేది. మరునాడు ఆ సహాయకుడికి ఇదంతా కాగితం మీద గీసి చూపించాను. కొత్త గాజు తీగ వేశాక అతనే యాక్టివ్ మోడ్‌లో మళ్లీ కట్టాడు.

తరువాతి సంగతులు

ఈ ప్రమాణం ఇతర పొరలతో సరిగా అమరాలని 2008లో దాన్ని 802.3 నుంచి తీసి 802.1ఏఎక్స్ అనే కొత్త పేరుతో స్థిరపరిచారు. ఒక లోటు మిగిలింది: కట్ట రెండు పెట్టెల మధ్యే ఉంటుంది, తీగ తెగితే ఫరవాలేదు గాని పెట్టే కాలిపోతే? సంస్థలు ఎవరికి వారు రెండు స్విచ్చుల్ని జతచేసి, అవతలివారికి ఒకే స్విచ్చులా కనిపించే పద్ధతులు తెచ్చాయి. 2014 సవరణలో ఐఈఈఈ కూడా దానికొక పద్ధతి చేర్చింది, 2020లో మరోసారి సవరించింది. ఇక్కడ మాత్రం సంస్థలు ఎక్కువగా తమ సొంత పద్ధతుల్లోనే ఉండిపోయాయి. అందుచేత ఆ జత స్విచ్చులు రెండూ ఒకే సంస్థవి కావడం మామూలు. అవతలి సర్వరుకు మాత్రం ఎదుట ఉన్నది ఒకటా రెండా అన్న సంగతే తెలియదు, మామూలు ఎల్ఏసీపీ ఉత్తరాలే చదువుకుంటుంది. నేటి పెద్ద డేటా సెంటర్లలో స్విచ్చుల మధ్య పని చాలావరకు రూటింగ్ చేస్తోంది. ఒక్కో సర్వరు నుంచి రెండు తీగలు రెండు స్విచ్చులకు వెళ్లే చోట మాత్రం కట్ట ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.

మీ కళాశాలలో అవకాశం దొరికితే, అధ్యాపకుల అనుమతితో, స్విచ్చు దగ్గర "షో ఈథర్‌ఛానల్ సమ్మరీ" అని టైపు చేయించండి. ప్రతి పోర్టు పక్కన ఒక అక్షరం కనిపిస్తుంది. 'పి' అంటే కట్టలో ఉంది, 'ఐ' అంటే విడిగా నిలబడింది, 'ఎస్' అంటే పక్కన పెట్టారు. అన్నీ 'పి' అని చూసి సంతోషించి లేచిపోకండి. ఒక కంప్యూటరు నుంచి సర్వరుకు పింగ్ నడుస్తూ ఉండగా ఒక తీగ పీకండి, ఎన్ని జవాబులు తప్పాయో లెక్కపెట్టండి. మళ్లీ తగిలించి, రెండోది పీకండి. ఒకదానితో ఆపితే, ఆ పింగ్ ఏ తీగ మీద వెళుతోందో మీకు తెలియదు కదా.